ఈ నీళ్ళకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?

ఫ్లోరోసిస్ మీద మన దేశంలో వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేయండి. చాలావాటిలో మొదటి పేరాలోనే నెల్లూరు తగుల్తుంది. ఈ వ్యాధిని భారతదేశంలో తొలిసారి 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారని ఒక వాక్యం, పక్కనే షార్ట్ అనే పేరు. పెళ్ళి శుభలేఖ మీద గణపతి శ్లోకంలాగా అది ఉండి తీరాలి. రాసిన ప్రతిసారీ ఆ పాత పత్రం ఖాతాలో ఒక సైటేషన్, అంటే ఉదహరింపు, జమ. ఎనభై ఏళ్ళు దాటినా పడుతూనే ఉంది. ఎందుకు పడదు? జబ్బు పోతేగా!

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి ఆ ఏడాది నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. పళ్ళకు గార, ఆ తర్వాత బిగుసుకుపోయే వెన్ను, వీటన్నిటికీ మూలం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. అప్పట్లో జిల్లా అంటే పొదిలి, దర్శి, కనిగిరి కూడా. 1970లో ఒంగోలు జిల్లా పుట్టాక అవి అటు పోయాయి, ఉదయగిరి ఇటే మిగిలింది. గీత మారింది గానీ కింద రాయి మారలేదు, రాతిలోంచి నీళ్ళలోకి దిగే ఫ్లోరైడూ మారలేదు. ఆ తర్వాత షార్ట్ మరో పరిశోధకుడు గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా క్రిమి కాలేయంలో దాక్కునే దశను 1948లో పట్టుకున్నాడు, పండిట్ ఐసీఎంఆర్‌కు తొలి డైరెక్టరయ్యాడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. కోపమంతా ఆ పత్రాన్ని మెట్టు చేసుకుని ఎక్కినవాళ్ళ మీద.

ఇప్పటి తంతు చూడండి. జీపు దిగుతారు. బోరింగు కొట్టించి సీసాలు నింపుకుంటారు. ఊరి పేరు, లోతు రాసుకుని వెళ్ళిపోతారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ చోట మ్యాపులో ఎర్రచుక్క. ఆ మ్యాపు ఏదో దేశపు జర్నల్లో ఇంగ్లీషులో అచ్చవుతుంది, ఉదయగిరి పిల్లవాడు తను తాగుతున్న నీళ్ళ లెక్క చూడాలంటే డాలర్లు కట్టాలి! ఆ ఎర్రచుక్క మీదే కాపురముంటున్న మనిషికి మాత్రం ఒక చీటీ ముక్క కూడా రాదు. చివరి పేరాలో 'ప్రజలకు సురక్షిత జలం అందించాలి' అని సలహా ఉంటుంది. ఎవరికయ్యా ఆ సలహా? అది చదివేవాడు మరో పత్రం రాసేవాడే.

పోనీ మందు తెలియదా అంటే, పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ 1970లలోనే తయారుచేసి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఆత్మకూరు పక్కన సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. ఉదయగిరి మెట్ట జనం మాత్రం క్యాను నీళ్ళు కొనుక్కుంటారు, కొనలేనివాళ్ళు బోరింగు నీళ్ళు తాగుతారు.

మందు తెలిసీ పత్రాలే ఎందుకు పెరుగుతున్నాయంటే, యూజీసీ 2010లో అధ్యాపకుల పత్రాలకు పాయింట్లు కట్టింది. విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పత్రాలకూ సైటేషన్లకూ మార్కులున్నాయి. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ఇచ్చిన, పత్రాలనూ సైటేషన్లనూ కలిపి లెక్కించే హెచ్-ఇండెక్స్ ఇప్పుడు మన ప్రొఫెసర్ల మెడలో బిళ్ళ. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పరిశోధన పత్రికలను పోల్చడానికి పుట్టిన కొలత, మనుషులను తూచడానికి కాదు.

సైటేషన్ అంతా వట్టిదే అనను. మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాస్తే ప్రపంచం నలుమూలలా ప్రయోగశాలల్లో దాన్ని చేతిలోకి తీసుకుని వాడారు, వాడారు కాబట్టే వేలసార్లు ఉదహరించారు. మెట్టలో జరుగుతున్నది వాడకం కాదు. అది జబ్బు మీద వడ్డీ వసూలు.

"శాస్త్రవేత్త పని నీళ్ళు తేవడమా?" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. కాదు స్వామీ. పైపు వేయమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మా బోరింగు నీళ్ళు పట్టుకెళ్ళినవారు, ఆ బోరింగు ఒంటి మీద లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుగులో, పెయింటుతో రాసి వెళ్ళాలి. ఒంట్లోంచి మూత్రమో నెత్తురో తీసినవారు, ఫలితం ఆ మనిషి చేతికివ్వాలి. అచ్చయిన పత్రానికి తెలుగు నకలు పంచాయతీ ఆఫీసులో ఉండాలి. ఈ మూడూ జరిగాయని సర్పంచి సంతకం చేసిన కాగితం ప్రమోషన్ దరఖాస్తుకు జతచేయకపోతే ఆ పత్రానికి సున్నా పాయింట్లు. వైస్ ఛాన్సలర్లు ఈ నిబంధన పెట్టడానికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.