స్కాన్ మిషను చేతిలో ఉన్నంత మాత్రాన డాక్టరు కాడు

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోని తెలుగు ఇళ్ళవాళ్ళు ఈ మాట వెంటనే చెవిన పెట్టాలి. కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతామని, చేతిసంచిలో పట్టే స్కాన్ మిషనుతో అద్దె ఇళ్ళలోనూ తోటల్లోనూ దొంగచాటుగా పరీక్షలు చేసే ముఠాలు ఈ ప్రాంతంలో కొన్నేళ్ళుగా పదేపదే పట్టుబడుతున్నాయి. పట్టుబడినవాళ్ళలో వైద్య కళాశాల గడప తొక్కనివాళ్ళున్నారు. జైలుకు పోయొచ్చి మళ్ళీ అదే దందాకు దిగినవాళ్ళూ ఉన్నారు. పరీక్ష చేసినవాడే గర్భం కూడా తీస్తానంటాడు. అక్కడ తల్లి ప్రాణానికే దిక్కుండదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద పరీక్ష చేసినవాడితోపాటు చేయించమని తీసుకెళ్ళినవాడూ నేరస్థుడే. తీసుకెళ్ళినవాడు మొదటిసారి పట్టుబడితేనే మూడేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. గర్భిణిని ఇంట్లోవాళ్ళు బలవంతపెట్టారనే చట్టం ముందుగా భావిస్తుంది. కాబట్టి భర్తలూ అత్తమామలూ, నేరం మీ మెడకే చుట్టుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 943 మంది ఉంటే, ధర్మపురిలో 913 మందే. ఆ తగ్గినవాళ్ళంతా ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు.

జ్వరానికి సూదివేసే దొంగ డాక్టరూ ఈ కోవలోవాడే. బోర్డు మీద పేరు చూసి నమ్మకండి. తమిళనాడు మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. పాము కరిసినా ఇలాంటివాళ్ళ దగ్గరికి పోవద్దు; కోయడం, పీల్చడం, నాటుమందు పూయడం వద్దు. 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తండి. విషానికి విరుగుడు మందు అక్కడ దొరుకుతుంది.

ఇంతకీ ఈ దొంగలకు గిరాకీ ఎందుకు? అసలు డాక్టరు కొండ ఊళ్ళో నిలవడు కనుక. ఎందుకు నిలవడో అడగం కానీ, డాక్టరుకు జీతం ఎక్కువుండాలా, సైనికుడికా అని బడిపిల్లల చేత వక్తృత్వ పోటీల్లో వాదింపజేస్తాం. చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాం. ఆ వాదనకు జవాబు జీతాల పట్టికలోనే ఉంది, ఎవరూ చదవరు.

తమిళనాడు ప్రభుత్వ సేవలో చేరే అసిస్టెంట్ సర్జన్ మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. సైన్యంలో లెఫ్టినెంటుదీ సరిగ్గా అంతే. దారులు చీలేది ఆ తర్వాతే. లెఫ్టినెంటుకు నెలకు 15,500 మిలిటరీ సర్వీస్ పే కలుస్తుంది. సియాచిన్‌లో ఉన్నన్నాళ్ళు అధికారికి మరో 42,500, జవానుకు 30,000. మనిషి నిలబడే చోటు ఎంత కష్టమైనదో చూసి, ఆ చోటుకు సైన్యం లెక్క కట్టింది. చిత్తేరి కొండల మీదో, పెన్నాగరం అవతలి ఊళ్ళలోనో పనిచేసే డాక్టరుకు ఆ స్థాయి భత్యం ఏదీ లేదు. ఆర్మీ మెడికల్ కోర్‌లో డాక్టరే సైనికుడు. అతనికి మిలిటరీ సర్వీస్ పేతోపాటు, ప్రైవేటు ప్రాక్టీసు చేయనందుకు మూలవేతనంలో 20 శాతం కూడా ఇస్తారు. ఒక చేతికిస్తే రెండో చేతికి తగ్గుతుందని ఢిల్లీ అనుకోలేదు.

సైనికుడికి అంతా బాగానే ఉందనీ కాదు. 2022లో వచ్చిన అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 9,000 నిధికి పోతే చేతికి 21,000. మిలిటరీ సర్వీస్ పే లేదు, కరువు భత్యం లేదు. నాలుగేళ్ళయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. ధర్మపురి కుర్రాళ్ళు కోయంబత్తూరు రిక్రూటింగ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

డాక్టర్లు అడగలేదా అంటే, అడిగారు. 2009 నాటి 354వ జీవో ప్రకారం జీతాలు సవరించమని 2019 అక్టోబరు 25న తమిళనాడు ప్రభుత్వ డాక్టర్లు సమ్మెకు దిగారు. నవంబరు 1న విరమించారు. దక్కినవి బదిలీలు. సమ్మెలో ముందు నిలిచిన డాక్టర్ లక్ష్మీ నరసింహన్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆ సమ్మెకు అయిదేళ్ళ ముందే, 2014 నవంబరులో, ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కొద్దిరోజుల్లోనే పదిమందికి పైగా పసికందులు చనిపోతే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ గగ్గోలు చల్లారడానికీ ఎక్కువకాలం పట్టలేదు.

సియాచిన్ లెక్కనే ధర్మపురి కొండలకూ వేయమన్నది మా డిమాండు. హరూరు, పాపిరెడ్డిపట్టి, పెన్నాగరం తాలూకాల్లో కష్టమైన ఊళ్ళ జాబితా తయారుచేసి, అక్కడే కాపురముండి రాత్రిపూట కూడా అందుబాటులో ఉండే డాక్టరుకు ప్రత్యేక భత్యం ప్రకటించాలి. ధర్మపురి పట్నంలో ఇల్లు పెట్టుకుని వారానికి రెండుసార్లు కొండెక్కి దిగేవాళ్ళకు మాత్రం అందులో పైసా ఇవ్వకూడదు. ఆ భత్యం ఇచ్చేటప్పుడు నర్సును మరవొద్దు. సైన్యం మరవలేదు: అక్కడి నర్సింగ్ అధికారికి మిలిటరీ సర్వీస్ పే నెలకు 10,800.