ఆర్‌ఎక్స్ 100 - ఇందు మీద తీర్పు

ఒక సినిమా మీద రెండు అభిప్రాయాలుండటం వింతేమీ కాదు. కానీ ఒకే ఆట చూసి వచ్చినవాళ్ళు ఒకే బస్సులో కూర్చుని, రెండు మూడు వేరు వేరు సినిమాలు చూసినట్లు మాట్లాడుకోవడం మాత్రం నేను ఒక్కసారే విన్నాను. 2018 జూలైలో. పొలాల్లో పత్తి విత్తనాలు పెడుతున్న రోజులు. అచ్చంపేట నుంచి సత్తెనపల్లి వెళ్ళి 'ఆర్‌ఎక్స్ 100' చూసి తిరిగి వస్తున్నాను.

వెనక సీట్లో నలుగురైదుగురు డిగ్రీ కుర్రాళ్ళు. వాళ్ళ తీర్పు క్రోసూరు రాకముందే వెలువడింది: "ఆడదాన్ని నమ్మితే ఇంతేరా." నా పక్కన కూర్చున్న నడివయసు రైతు కాసేపు ఊరుకుని, ఎవరితోనూ కాదన్నట్లు అన్నాడు: "ఆ తండ్రి పాపం ఏం జేశాడు? మనమంతా ఉత్త పుణ్యానికి ఆయన్ని తిట్టుకున్నాం గదా." ముందు సీట్లో, ఒళ్ళో పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతున్న ఒకావిడ భర్తతో అన్న మాట ఇది: "అంతసేపు చూపించాడు గానీ, ఆ పిల్ల ఎందుకట్టా చేసిందో ఒక్క ముక్క చెప్పలా." భర్త నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే ఈ టపా.

(సినిమా ఇంకా చూడనివారు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆపేయండి. కథ మొత్తం చెప్పకుండా దీని గురించి మాట్లాడటం సాధ్యం కాదు.)

రామ్ గోపాల్ వర్మ దగ్గర పనిచేసి వచ్చిన అజయ్ భూపతికి ఇది మొదటి సినిమా. 2018 జూలై 12న విడుదలైంది. కథ జరిగేది గోదావరి జిల్లా ఆత్రేయపురంలో. ముందూ వెనకా ఎవరూ లేని శివను 'డాడీ' అని పిలిపించుకునే ఒక పెద్దమనిషి పెంచుతాడు. ఊరి రాజకీయ నాయకుడు విశ్వనాథం కూతురు ఇందు. ఇద్దరికీ సాన్నిహిత్యం కలుగుతుంది. తర్వాత ఇందుకు మరొకరితో పెళ్ళవుతుంది, అమెరికా వెళ్ళిపోతుంది. తండ్రి బలవంతంగా చేసిన పెళ్ళి అని శివ నమ్మకం. గడ్డం పెంచుకుని, బండి వేసుకుని, విశ్వనాథం మనుషుల మీద పడి కసి తీర్చుకుంటూ ఆమె కోసం ఎదురుచూస్తుంటాడు. చివరికి తెలిసేదేమిటంటే, ఇందు శివను ప్రేమించనే లేదు. మోహం తీరేదాకా వాడుకుంది. తండ్రికి ఏ పాపమూ తెలియదు. శివ చనిపోతాడు.

శివగా కార్తికేయ, ఇందుగా పాయల్ రాజ్‌పుత్, విశ్వనాథంగా రావు రమేష్, డాడీగా రాంకీ. చిన్న ఖర్చుతో తీసిన సినిమాకు అంత జనం వచ్చారు. 2021లో 'తడప్' పేరుతో హిందీలోకీ వెళ్ళింది.

ముందుగా దీని గొప్ప ఏమిటో ఒప్పుకోవాలి. దర్శకుడు మనకు అబద్ధం చెప్పలేదు. మనమే మనకు చెప్పుకున్నాం. 1932లో మన టాకీ పుట్టిన నాటి నుంచీ, పాట మొదలైతే ప్రేమ మొదలైనట్లేనని మనకు అలవాటైపోయింది. 'పిల్లా రా' పాట వినిపించగానే ఆ ఇద్దరి మధ్య ఉన్నది ప్రేమేనని మనమే రాసేసుకున్నాం. అలాగే తెల్లచొక్కా, కారు, వెనక పదిమంది మనుషులు ఉన్న కథానాయిక తండ్రి కనిపించగానే అతడే దుర్మార్గుడని తీర్మానించుకున్నాం. ఈ రెండు అలవాట్లను పట్టుకుని ఇతను మనల్ని రెండు గంటలు తన వెంట తిప్పుకున్నాడు. ముడి విప్పిన క్షణంలో హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. నాకూ గుండె ఝల్లుమన్నది. మోసపోవడంలోనూ ఒక సుఖం ఉంటుంది. మంచి గారడీవాడికి డబ్బులిచ్చి మరీ మోసపోతాం.

ఆ వెంటనే జరిగినదే నన్ను ఇన్నేళ్ళుగా వదలనిది. నా వెనక వరసలోంచి ఒకడు ఇందును ఒక బూతుమాట అన్నాడు. హాలు హాలంతా ఈలలు. ఆ మాట తమ నోటినుంచి రానందుకు చింతిస్తున్నట్లుగా చప్పట్లు. అప్పటిదాకా విశ్వనాథం మీద పోగేసుకున్న కసి అంతా, ఒక్క చుక్క నేలపాలు కాకుండా, ఇందు మీదికి తిరిగింది. శివ తీర్చుకోలేకపోయిన పగ ప్రేక్షకులు తీర్చుకున్నారు.

ఈ సినిమా మీద వాదించుకున్నవారు మొదటినుంచీ రెండు గట్లమీద నిలబడ్డారు. ఒక గట్టువారు, ఇంత ధైర్యంగా కథానాయికనే ప్రతినాయికను చేసినవాడు లేడన్నారు. రెండో గట్టువారు ఇది స్త్రీద్వేషమన్నారు. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. ప్రతినాయిక కొత్తేమీ కాదు. 1999లో 'నరసింహ'లో నీలాంబరిగా రమ్యకృష్ణను చూసి మన జనం రజనీకాంత్‌కు దీటుగా జేజేలు కొట్టారు. స్త్రీలో కాఠిన్యం చూపించడమే ద్వేషమైతే నీలాంబరిని ఆడవాళ్ళు అంతగా మెచ్చి ఉండేవారు కాదు. నీలాంబరికి మాటలున్నాయి. అహంకారమైనా, పంతమైనా, అసూయ అయినా, తనకేం కావాలో తన నోటితో చెప్పింది. ఇందుకు ఆ అవకాశమే లేదు. ఆమె చేసినవన్నీ మనకు చూపించారు. ఎందుకు చేసిందో చెప్పుకునే చోటు మాత్రం ఆమెకు ఇవ్వలేదు. కోరిక ఉన్న ఆడది అనగానే ఇక కారణం అడగనక్కరలేదని దర్శకుడూ, మనమూ కూడబలుక్కున్నాం.

దానికి మించిన లోపం మరొకటుంది. ఇందు శివను వదిలేసి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో కథ ఆగి ఉంటే ప్రేక్షకుడికి నిజంగా ఇబ్బంది కలిగేది. ఒక మనిషి మరొక మనిషిని కోరుకుని, తర్వాత వద్దనుకుంది. ఇందులో నేరమెంత, క్రూరత్వమెంత, అతని భ్రమ ఎంత? ఇవి చిక్కు ప్రశ్నలు. మగవాడు ఇలా చేసిన కథలు మనకు కొల్లలు. వాటిలో ఆఖరి రీలులో అతనికి బుద్ధి వస్తుంది, తాళి కడతాడు, మనం కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతాం. ఆడది చేస్తే ఏమనాలో మనకు తెలియదు. ఆ తెలియనితనంలో మనల్ని కాసేపు ఉంచగలిగితే ఇది గొప్ప సినిమా అయ్యేది. అజయ్ భూపతి అంత సాహసం చేయలేకపోయాడు. ఆమెను అతని చావుకు కూడా కారణం చేశాడు. ఇక ప్రశ్న లేదు, హంతకురాలు. తీర్పు సులువైపోయింది. బస్సులో ఆ కుర్రాళ్ళు క్రోసూరు రాకముందే తీర్పు చెప్పగలిగారంటే వాళ్ళ తప్పేమీ లేదు, ఆ తీర్పు వాళ్ళ చేతికి రాసి ఇచ్చారు.

మా పల్నాటివాళ్ళకు ఈ పద్ధతి మరీ పాతది. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు రాజ్యం పంచుకోలేక కారెంపూడి దగ్గర కొట్టుకుని నశించారు. నలగామరాజుకు రాజ్యం మీద ఆశ ఉంది. మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడికి పట్టుదల ఉంది. కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డినవారు మగవారు, ఓడి ఏడేళ్ళు వలస పోయినవారూ మగవారే. అయినా మా ఊళ్ళలో ఏ ముసలాయన్ని కదిపినా "అంతా ఆ నాయకురాలు నాగమ్మ చేసిందే" అంటాడు. కోళ్ళకు మంత్రం వేసింది ఆవిడ, రాయబారిగా వచ్చిన అలరాజుకు విషం పెట్టించింది ఆవిడ. ఆ కాలంలో ఒక స్త్రీ మంత్రిత్వం నెరపిందంటే ఆమె బుద్ధిబలం ఎంతటిదో అని ఆశ్చర్యపోవలసిన చోట మనం శాపనార్థాలు పెట్టాం. 1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి ఆ పాత్రకు ఎంత ఠీవి తెచ్చినా, హాలులోంచి బయటికి వచ్చిన జనం నోట అదే మాట. కార్తీకంలో కారెంపూడి వీరుల ఉత్సవాలప్పుడు వీరవిద్యావంతులు కథ పాడుతుంటే నేను చిన్నప్పటినుంచీ విన్నాను. నాగమ్మ వైపునుంచి ఆ కథ ఎలా ఉండేదో ఎవరైనా పాడితే వినాలని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ రోజు బస్సులో ఆవిడ ఇందు గురించి అడిగిన తర్వాతే తోచింది.

అయితే ఆ రైతు అన్నమాట, "ఆ తండ్రి పాపం ఏం జేశాడు" అన్నది, కుర్రాళ్ళ మాటకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అప్పుడు కాదు, రెండు నెలల తర్వాత.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే, ఆసుపత్రి బయట ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. చంపించింది ఆ అమ్మాయి తండ్రి. మాకు మిర్యాలగూడ పరాయి ఊరు కాదు. దాచేపల్లి దాటి పొందుగుల దగ్గర కృష్ణ వంతెన ఎక్కితే అవతల నల్గొండ జిల్లాయే. బంధుత్వాలున్నాయి, వ్యాపారాలున్నాయి. ఆ వారమంతా అచ్చంపేట సెంటరులో టీకొట్టు దగ్గర మరో మాట లేదు. చంపడం తప్పే అంటూ మొదలుపెట్టినవాళ్ళే, "కానీ తండ్రి మనసు కూడా ఆలోచించాలి" అంటూ ముగించారు. జూలైలో సినిమా తండ్రికి దక్కిన సానుభూతి సెప్టెంబరులో నిజం తండ్రికి దక్కింది. నేను సినిమాను నిందించడం లేదు. ఆ హత్యకూ ఆ సినిమాకూ ఏ సంబంధమూ లేదు. జూలైకి ముందునుంచే ఆ సానుభూతి మనలో సిద్ధంగా ఉంది. విశ్వనాథం నిర్దోషి అని తెలిసినప్పుడు హాలులో కలిగిన ఊరట సంగతే నేనంటున్నది. మనకు కలిగిన ఆ ఊరట సత్యం తెలిసినందుకు మాత్రమే కలిగిందా? తండ్రులను తిట్టుకోవలసిన అవసరం తప్పినందుకు కూడా కలిగిందా? బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడనీ, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడనీ గొప్పగా చెప్పుకునే నేల మాది. చాప మీద కలిసి తినడం వరకే ఆ గొప్ప, పెళ్ళి మాట వచ్చేసరికి చాప చుట్టేస్తాం.

ఆ అమ్మాయి తండ్రి 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఈ మధ్యలో 2020లోనే వర్మ ఆ ఘటన ఆధారంగా 'మర్డర్' తీశాడు. ఆ అమ్మాయి అభ్యంతరపెట్టి కోర్టుకు వెళ్ళింది. దాన్ని నేను చూడలేదు, చూడను.

2021 ఫిబ్రవరిలో వచ్చిన 'ఉప్పెన' మీద కూడా ఇలాంటి వాదమే నడిచింది. అక్కడ తండ్రి రాయణం, విజయ్ సేతుపతి వేసిన పాత్ర, నిజంగానే దుర్మార్గుడు. కూతుర్ని ప్రేమించిన కుర్రవాడి మగతనాన్నే తీసేయిస్తాడు. ఆ మలుపును జీర్ణించుకోలేక ఎగతాళి చేసినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది. ప్రేమకథగా నాకూ అది పల్చగానే అనిపించింది. కానీ చివర కూతురు తండ్రి ఎదుట నిలబడి, మగతనమంటే అతననుకున్నది కాదని నిలదీస్తుంది. ఆ ఒక్క సన్నివేశం కోసం మిగతా లోపాలన్నీ క్షమించాను. ఇందుకు దక్కనిది బేబమ్మకు దక్కింది: తండ్రి ముందు నోరు.

అజయ్ భూపతి కూడా ఊరుకోలేదనే అనిపిస్తుంది. 2023 నవంబరులో అదే పాయల్ రాజ్‌పుత్‌తో 'మంగళవారం' తీశాడు. మళ్ళీ పల్లెటూరే, మళ్ళీ అదుపులేని కోరిక ఉన్న స్త్రీయే. కానీ ఈసారి ఆ కోరికను ఒక రుగ్మతగా చూపించి, ఆమెను అవమానించిన ఊరినే బోనులో నిలబెట్టాడు. ఇందుకు అతను చెప్పుకున్న క్షమాపణగా నేను దాన్ని తీసుకున్నాను. క్షమాపణలోనూ ఒక మెలిక ఉంది. కోరిక ఉన్న ఆడది మొదటి సినిమాలో రాక్షసి, రెండో సినిమాలో రోగి. మామూలు మనిషి అయ్యే సినిమా ఎప్పుడు తీస్తాడో చూడాలి. తీయగలడు, చేతిలో పని ఉన్నవాడు.

పోయిన సంక్రాంతికి మా మేనకోడలు నరసరావుపేట నుంచి వచ్చినప్పుడు టీవీలో 'ఆర్‌ఎక్స్ 100' వేస్తున్నారు. ఈసారి ముడి తెలుసు కాబట్టి పాటల్లో ఇందు ముఖం గమనిస్తూ కూర్చున్నాను. మా బావ "ఇదేం సినిమా, ఆడపిల్లలతో చూసేదా" అంటూ రిమోట్ అందుకోబోయాడు. మేనకోడలు రిమోట్ తన దగ్గరికి లాక్కుని, "ఉండు నాన్నా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మామయ్యా, ఈ ఇందు తన సంగతి ఏదైనా సరే, ఆ ఇంట్లో ఎవరితో చెప్పుకోవాలంటావు?" అని అడిగింది. నేను మా బావ ముఖం వంక చూశాను. ఆయన టీవీ వంక చూస్తున్నాడు.