రంగు పోయింది సరే, విషం ఎటు పోయింది?

మేము పాఠం చెప్పే బడిలో పిల్లలతో ఒక ప్రయోగం చేశాం. గ్లాసుడు నీళ్లలో రెండు చుక్కలు నీలం సిరా వేశాం. పొయ్యి బొగ్గు మెత్తగా నూరి గుప్పెడు కలిపి రాత్రంతా ఉంచాం. తెల్లారి గుడ్డలో వడగడితే నీలం చాలామటుకు పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోంచి ఒక పాప మాత్రం లేచి అడిగింది: "మేష్టారూ, ఆ రంగు ఏటైపోనాది?"

ఈ ప్రశ్న మనందరం అడగాల్సిందే.

రంగు చావలేదు. బొగ్గుకి అంటుకుంది. బొగ్గు నిండా కంటికి కనపడని చిల్లులుంటాయి. ప్రత్యేకంగా కాల్చి తయారుచేసిన మంచి రకం బొగ్గయితే, ఒక్క గ్రాము లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు, అంటే పావెకరం వస్తుంది. ఆ గోడలకే రంగు పట్టుకుంటుంది.

బట్టల అద్దకంలో నూలుకి అంటకుండా మిగిలిన రంగంతా మురుగులోకే పోతుంది. కొన్ని రకాల్లో ఇది నూటికి పది నుంచి నలభై పాళ్లు. ఆజో రంగుల్లో కొన్ని, గాలాడని బురదలో విరిగి క్యాన్సరు తెచ్చే విషాలవుతాయి. అందుకే 1990లలో మన ప్రభుత్వం 112 రంగుల్ని నిషేధించింది. ఊక, కొబ్బరి చిప్ప, వేపాకు, రంపపు పొట్టు లాంటి చవక సరుకుతో రంగు తీసే పద్ధతుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సహా ఎన్నోచోట్ల పరిశోధన జరిగింది. మంచిదే. కాదనం.

మన రాజాం వైపు జనపనార మిల్లులున్నాయి, పక్కన పొందూరు ఖద్దరు ఉంది. రంగుల అద్దకం పెద్దగా లేదు. మరి మనకెందుకీ గోల? ఏ ఫ్యాక్టరీ వచ్చినా "ఫిల్టరు పెట్టాం, నీళ్లు తెల్లగా ఉన్నాయి" అనే మాట వినపడుతుంది. ఆ మురుగు గెడ్డలో కలిస్తే, గెడ్డ దిగువన ఉండేది ఎవరి పేట?

తమిళనాడులో తిరుప్పూరు సంగతి చూడండి. నొయ్యల్ నది మీద 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయం పొలాలు తడపాల్సింది పోయి అద్దకం మురుగు గుంటయింది. ఒక్క చుక్క మురుగు కూడా బయటికి రాకూడదని 2006లో మద్రాసు హైకోర్టు చెప్పింది. వినలేదు. 2011 జనవరిలో అద్దకం యూనిట్లన్నీ మూసెయ్యమంది. అక్కడ రంగొక్కటే కాదు, ఉప్పు కూడా పొలాల్ని చంపింది. అద్దకంలో బస్తాలకొద్దీ ఉప్పు పోస్తారు. ఉప్పుని బొగ్గు పట్టదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అని నమ్మితే మునిగేది మనమే.

ఇంకో మాట. బొగ్గు నిండాక విషమంతా దాన్లోనే ఉంటుంది. దాన్ని తొట్టిలోంచి పారతో తోడేది ఎవరు? చేతికి తొడుగు లేకుండా మొయ్యడానికి ఎవర్ని పిలుస్తారు? దొడ్లు ఎత్తిన చేతుల్నే, తోళ్లు శుద్ధి చేసిన చేతుల్నే పిలుస్తారు. పారబొయ్యడానికి ఊరి చివర జాగా వెతుకుతారు. ఊరి చివర ఉన్నది మనమే.

నీళ్ల తగువు చిన్నది కాదని కారంచేడు మనకు నేర్పింది. తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దన్న పాపానికి 1985 జూలై 17న భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. ఎస్సీలు, ఎస్టీలు వాడుకునే నీళ్లని ఇతరులు పాడుచెయ్యడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి ప్రతి పేటలో తెలియాలి.

కాబట్టి ఫ్యాక్టరీ గేటు ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. నిండిన బొగ్గు, బురద ఎక్కడికి పంపుతున్నారు? 2016 నిబంధనల ప్రకారం అవి ప్రమాదకర వ్యర్థాలు. విశాఖ దగ్గర పరవాడలో ఉన్నట్టు అనుమతి ఉన్న చోటికే పోవాలి. ఉప్పు సంగతేమిటి? మోసేవాళ్లకి తొడుగులు, వైద్య పరీక్షలు ఉన్నాయా? నోటితో చెబితే చాలదు. 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ బోర్డుకి దరఖాస్తు పెట్టి, కాగితం మీద జవాబు తీసుకుందాం. ఆ కాగితం పేటలో అందరికీ చదివి వినిపిద్దాం.

పరిశ్రమ వద్దని మేము అనడం లేదు. పని మనక్కావాలి. లాభం ఒకరిది, బురద మనది అంటే మాత్రం ఒప్పుకోం.

ఆ పాప తరగతిలో లేచి అడిగింది. పెద్దవాళ్లం, మనం గెడ్డ గట్టు మీద నిలబడి అడగలేమా?