హరి అంటే అక్కడ రాజు

రామాయణం ఏయే దేశాలు తిరిగిందో చెప్పమంటే మన ఉపన్యాసకులకు పట్టపగ్గాలుండవు. జావా తోలుబొమ్మలు, థాయ్‌లాండ్ రామకియెన్, కంబోడియా గుళ్ల గోడలు అంటూ వేళ్లు మడిచి లెక్కపెడతారు. శ్రీరామనవమి పందిళ్లలో ఏటా వినేదే. ఆ లెక్కలోకి మనీలా ఎప్పుడూ రాదు. నాట్యం గురించి ఇరవై ఏళ్లుగా పత్రికలకు రాస్తున్న నా లెక్కలోకీ చాలాకాలం రాలేదు. ముందు ఆ తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

ఫిలిపినో భాషలో 'హరి' అంటే రాజు. 1980లో మనీలా కల్చరల్ సెంటర్ వేదిక మీద 'రామ, హరి' అనే బ్యాలే ఆడారు. వాళ్లకది 'రాముడు, రాజు'. మన చెవికి రెండూ దేవుడి పేర్లే. నృత్యం కూర్చింది ఆలిస్ రేయెస్. మాటలు రాసింది బియెన్వెనీదో లుంబెరా, బాణీలు కట్టింది రయాన్ కయబ్యాబ్, వేదికను తీర్చింది సాల్వడోర్ బెర్నల్. బ్యాలే అన్నాను కదా అని వయొలిన్ల మీద హంసలు తేలిపోయే రకం అనుకోకండి. ఇది రాక్ సంగీతం మీద నడిచే రామకథ. ఒక్కో పాత్రకు ఇద్దరు మనుషులు: ఒకరు గొంతు, ఇంకొకరు ఒళ్లు. రాముడి గొంతు బేసిల్ వాల్డెజ్‌ది, ఒళ్లు నోనోయ్ ఫ్రోయిలాన్‌ది. సీతకు పాడింది కూ లెడెస్మా. పాడేవాళ్లు పాడుతుంటే ఆడేవాళ్లు ఆడే ఈ పద్ధతి కూచిపూడి నాటకం చూసినవాడికి కొత్తగా తోచదు.

ఈ బ్యాలేను తయారుచేసిన నలుగురిలో లుంబెరా దగ్గర కాసేపు ఆగాలి. ఆయన కవి. ఫిలిప్పీన్స్‌లో మార్షల్ లా నడిచిన రోజుల్లో, 1974లో జైలుకు వెళ్లొచ్చాడు. కల్చరల్ సెంటర్ ఏమో అప్పటి అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ పట్టుబట్టి కట్టించినది, 1969లో తలుపులు తెరిచింది. 'రామ, హరి' ఆడేనాటికి మార్షల్ లా ఇంకా ఎత్తేయలేదు. తనను లోపల వేసిన ప్రభుత్వం కట్టిన మేడలో, పట్టాభిషేకం నాడే అడవి దారి పట్టిన రాజు కథను ఆయన పాటలుగా రాశాడు. మనసులో ఏమనుకుని రాశాడో నేను ఊహించబోను. కానీ ఈ ఒక్క సంగతి మీద మన సాహిత్య పేజీల్లో నాలుగు వ్యాసాలు రావాల్సింది. ఒక్కటీ నా కంటపడలేదు.

అవార్డులు రాలేదా అంటే, వచ్చాయి. 'జాతీయ కళాకారుడు' అన్నది ఆ దేశంలో కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం. బెర్నల్‌కు 2003లో, లుంబెరాకు 2006లో, ఆలిస్‌కు 2014లో, కయబ్యాబ్‌కు 2018లో అది దక్కింది. ఒకే బ్యాలే వెనకున్న నలుగురూ జాతీయ కళాకారులే! ఇలాంటిది మన దగ్గర జరిగి ఉంటే ఏటా వార్షికోత్సవాలు చేసి, ఫ్లెక్సీలు కట్టి ఊదరగొట్టేవాళ్లం. అయితే తేదీలు ఇంకోసారి చూడండి. 'రామ, హరి' ఆడిన 34 ఏళ్లకు ఆలిస్ రేయెస్‌కు ఆ బిరుదు వచ్చింది. 1969లో ఆమె మొదలుపెట్టి, రెండు దశాబ్దాలు చేత్తో నడిపించిన బ్యాలే ఫిలిప్పీన్స్‌కు అప్పటికి 45 ఏళ్లు. శాలువా కప్పేనాటికి భుజాలు వంగిపోయి ఉండాలన్న నియమం మనకొక్కరికే ఉందనుకునేవాణ్ని.

అంత చేసిన సంస్థలో 2020లో ఏమైంది? యాభై ఏళ్లు నిండిన బ్యాలే ఫిలిప్పీన్స్‌కు ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా రష్యా నర్తకుడు మిఖాయిల్ మార్తీన్యుక్‌ను ఎంచుకున్నారు. ఆయన ప్రతిభను తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. ఆలిస్ రేయెస్ మాత్రం బాహాటంగానే అభ్యంతరం చెప్పింది. ఇంటిమనుషులే పెంచిన సంస్థను నడపడానికి ఇంట్లో ఒక్కరూ పనికిరాలేదా అన్నదే ఆ గొడవ సారం. పొరుగింటి పుల్లకూర సామెత ఫిలిపినో భాషలో ఉందో లేదో తెలియదుగానీ, ఆ కూర రుచి మాత్రం వాళ్లకూ బాగా తెలుసు. ఆలిస్ ఆ తర్వాత తన పేరుతోనే ఇంకో బృందంతో పనిచేసింది. 2023లో 'రామ, హరి' మళ్లీ ఆడింది ఆ బృందమే, అదీ మకాటీలోని వేరే థియేటర్లో. పుట్టిన వేదిక ఆ ఏడాది మరమ్మతుల కోసం మూతపడి ఉంది.

ఇక నర్తకుల సంగతి. బాక్సర్ ప్యాకియావ్ బరిలోకి దిగితే మనీలా వీధులు ఖాళీ అయ్యేవని చెప్పుకుంటారు. అది తప్పని ఎవరంటారు? 2012లో బ్యాలే ఫిలిప్పీన్స్ నర్తకి క్యాండిస్ అడెయా హెల్సింకీ అంతర్జాతీయ బ్యాలే పోటీలో బంగారు పతకం గెలిచింది. యూరప్ సొంత విద్యలో, యూరప్ గడ్డ మీద, వాళ్లతో పోటీపడి గెలిచిన అమ్మాయి. ఆ పూట ఒక్క వీధి ఖాళీ అయిందా?

స్టెల్లా అబ్రెరా కథ ఇంకా కడుపు మండిస్తుంది. మనీలాలో పుట్టింది. న్యూయార్క్‌లోని అమెరికన్ బ్యాలే థియేటర్‌లో 2001లో సోలోయిస్ట్ అయింది. అక్కడే పద్నాలుగేళ్లు ఆగిపోయింది. గాయం తగిలి చాలాకాలం వేదికకు దూరంగా కూడా ఉంది. చివరికి 2015 జూన్‌లో పై మెట్టయిన ప్రిన్సిపల్ డ్యాన్సర్‌గా ఎక్కించారు. ఆ సంస్థలో ఆ మెట్టెక్కిన తొలి ఫిలిపినో అమెరికన్ ఆమే. అదే రోజు, అదే ప్రకటనలో మిస్టీ కోప్‌ల్యాండ్ పేరూ ఉంది. తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళగా ఆమెకు పతాకశీర్షికలు వచ్చాయి, రావాల్సినవే. కానీ పద్నాలుగేళ్లు కాచుకున్న అమ్మాయి పేరు వార్తలో ఎక్కడో కిందికి జారిపోయింది.

లీసా మకూహా దారి వేరు. లెనిన్‌గ్రాడ్‌లో వాగనోవా అకాడమీలో చదివి, 1984లో కీరోవ్ బ్యాలేలో చేరి, విదేశీయురాలై ఉండి సోలోయిస్ట్ అయింది. అక్కడే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. రెండేళ్లకే మనీలా తిరిగొచ్చింది. 1995లో బ్యాలే మనీలా పెట్టి, బ్యాలేను డబ్బున్నవాళ్ల థియేటర్ల నుంచి బయటికి తీసి ఊళ్లకూ బడులకూ తీసుకెళ్లింది. పేద బస్తీల పిల్లల్ని తెచ్చి ఉచితంగా నేర్పించింది. నిండు ప్రదర్శన ఒక్కటి ఆడితే కాలివేళ్ల కొనల మీద నిలబెట్టే బ్యాలే బూట్లు ఒక జత మెత్తబడి పనికిరాకుండా పోతాయి. ఆ బూట్లు కొనలేని ఇళ్ల పిల్లలు వాళ్లు. 2019 అక్టోబరులో పక్కనున్న వినోద పార్కుతో పాటు ఆమె స్టూడియోలూ కాలిపోయాయి. ఏళ్ల తరబడి కుట్టించుకున్న దుస్తులు, కట్టించుకున్న సెట్లు బూడిదయ్యాయి. అయినా ఆటలు ఆపలేదు. ఇంకో దేశంలో అయితే ఈమె మీద ఈపాటికి రెండు సినిమాలొచ్చేవి.

చివరికి దాచుకున్న పేరు ఆగ్నెస్ లోక్సిన్. దవావో మనిషి, తల్లి నడిపిన నృత్య పాఠశాలలో పెరిగింది. బ్యాలే పాదం నేలను వీలైనంత తక్కువగా తాకాలని చూస్తుంది. ఆగ్నెస్ కూర్పుల్లో పాదం నేలను హత్తుకుంటుంది, మోకాలు వంగుతుంది, వెన్ను మట్టి వైపు మొగ్గుతుంది. కొండజాతుల ఆటల్లోని ఆ బరువును బ్యాలే నేర్చిన ఒంటికి ఎక్కించడమే ఆమె సాధించింది. 1992లో బ్యాలే ఫిలిప్పీన్స్‌కు కూర్చిన 'ఎన్కాంటాడా' కొండనూ అడవినీ కాచే వనదేవత కథ, దానికి సంగీతం జోయి అయాలాది. ఆమె జాతీయ కళాకారిణి అయింది 2022లో. ముప్పై ఏళ్లు.

దవావో మనకు తెలియని ఊరు కాదు. తెలుగు జిల్లాల్లో ఎంబీబీఎస్ సీటు కోసం తిరిగిన ఏ తండ్రినైనా అడగండి. ఫీజు ఎంత, హాస్టల్‌లో మన భోజనం ఉందా, తిరిగొచ్చాక విదేశీ వైద్య పట్టాలవాళ్లు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఎంతమంది దాటుతున్నారు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. వేలమంది మన పిల్లలు అక్కడ చదివారు, చదువుతున్నారు. మా వీధి చివరింటి అమ్మాయి నాలుగో ఏడాదిలో ఉంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు గుమ్మంలో కనబడితే ఆశగా అడిగాను, ఆగ్నెస్ లోక్సిన్ గురించి అక్కడ ఏమైనా విన్నావామ్మా అని.

"ఎవరంకుల్ ఆవిడ? మా కాలేజీలో ఫ్యాకల్టీనా?"

పేరు వాట్సాప్ చేయమంది. చేశాను.