టీకా కోసం అడుగుదాం - టీకా గురించీ అడుగుదాం



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, మెస్ గురించి రాసుకుంటూనే ఉన్నాం. రాసుకోవాల్సిందే. కానీ ట్రంకు పెట్టెకు ట్రంకు పెట్టె ఆనించి ఒకే హాలులో అరవైమందిమి పడుకుంటాం మనం. ఒకడికి జలుబు చేస్తే వారం తిరిగేసరికి హాలంతా దగ్గుతుంది. అలాంటి చోట జ్వరం గురించి, దానికి వేసే టీకా గురించి ఎవరమూ ఒక్క పేజీ రాయలేదు. ఈసారి ఆ పని మేము పెట్టుకున్నాం. 2009లో ప్రపంచాన్ని చుట్టిన స్వైన్ ఫ్లూ, దాని టీకా సంగతి తీసుకున్నాం. ఎందుకంటే టీకా కావాలని జనం ఎగబడటం, అదే టీకా వద్దని వెనక్కి పోవడం - ఈ రెండూ ఒక్క ఏడాదిలోనే జరిగాయి. ఆ ఏడాదిలోనే మనలాంటి హాస్టళ్ళకు సంబంధించిన ఇంకో సంగతి కూడా జరిగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

అప్పటికి మేము పలక పట్టుకుని బడికి పోయే పిల్లలం. కాబట్టి ఇందులో చాలామట్టుకు తర్వాత చదివి తెలుసుకున్నదే. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో ఈ హెచ్1ఎన్1 వైరస్ బయటపడింది. మే నెలలోనే మన దేశానికి వచ్చింది. దేశంలో మొదటి కేసు శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిదే. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచ మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టు 3న పుణెలో పద్నాలుగేళ్ళ అమ్మాయి చనిపోయింది. దేశంలో అదే మొదటి మరణం. ఇక చూడాలి! పుణెలో బళ్ళు మూశారు, సినిమా హాళ్ళు మూశారు, పరీక్షల కోసం ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. ఇక్కడ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరు రోజూ పేపర్లో వచ్చేది. మాస్కులకు గిరాకీ పెరిగింది. ముసలివాళ్ళకన్నా పిల్లలకు, వయసులో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ఈ జబ్బు ఎక్కువ ప్రమాదం తెస్తోందని తెలిశాక అందరి నోటా ఒకటే మాట: టీకా ఎప్పుడొస్తుంది?

టీకా అంత తొందరగా వచ్చేది కాదు. ఫ్లూ టీకాకు కావలసిన వైరస్‌ను అప్పట్లో ఎక్కువగా కోడిగుడ్లలోనే పెంచేవారు. మొత్తం పని పూర్తి కావడానికి దాదాపు ఆరు నెలలు పట్టేది. ఈ కొత్త వైరస్ గుడ్లలో అనుకున్నంతగా పెరగలేదు కూడా. (మన మెస్‌లో గుడ్డు పెట్టే రోజు లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందో మనకు తెలుసు. ప్రపంచం మొత్తానికి ఆ లెక్క చూడాల్సి వస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.) తయారయ్యే ఆ కాస్త టీకాను కూడా డబ్బున్న దేశాలు కంపెనీలతో ముందే ఒప్పందాలు చేసుకుని రాయించేసుకున్నాయి.

ఆ దేశాల్లోపల జరిగింది కూడా చూడండి. 2009 అక్టోబరులో అమెరికాలో టీకా మొదలయ్యింది. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు గంటల తరబడి క్యూలలో నిలబడ్డారు. చాలామంది స్టాకు లేదనిపించుకుని తిరిగిపోయారు. అదే సమయంలో న్యూయార్క్‌లో గోల్డ్‌మన్ శాక్స్, సిటీగ్రూప్ లాంటి పెద్ద కంపెనీలకు వాళ్ళ ఉద్యోగుల కోసం టీకా చేరిందని తెలిసి పెద్ద గొడవ అయ్యింది. కెనడాలోని కాల్గరీలో జనం క్యూలో ఉంటే, హాకీ జట్టు ఆటగాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు క్యూ లేకుండా టీకా వేశారు. దానికి ఇద్దరు సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. అంత డబ్బున్న చోటే అట్లా ఉంటే, పేద దేశాల మాట చెప్పేదేముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ విరాళాలు పోగుచేసి 77 దేశాలకు 7 కోట్ల 80 లక్షల డోసులు పంపింది. కానీ చాలా దేశాలకు అవి చేరేసరికి జబ్బు ఉధృతి దాటిపోయింది. ఆ మహమ్మారి మొదటి ఏడాదిలో లక్షన్నర నుంచి అయిదున్నర లక్షలకు పైగా జనం పోయి ఉంటారనీ, అందులో సగం మరణాలు ఆఫ్రికా, ఆగ్నేయాసియా ప్రాంతాల్లోనే అనీ 2012లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

తర్వాత గాలి మళ్ళింది. చలికాలం గడిచింది, భయం తగ్గింది, టీకా మాత్రం కుప్పలుగా వచ్చింది. ఫ్రాన్స్ 9 కోట్ల 40 లక్షల డోసులు కొంటామని ఆర్డరు పెట్టి, చివరికి జనాభాలో పదో వంతు మందికి కూడా వేయలేకపోయింది. సగానికి పైగా ఆర్డరు రద్దు చేసుకుంది. మన ప్రభుత్వం ఆసుపత్రి సిబ్బంది కోసం 15 లక్షల డోసులు విదేశాల నుంచి తెప్పిస్తే, వాటిని వేయించుకోవడానికి సిబ్బందే వెనకాడారు. మన దేశంలో తయారైన టీకాలు 2010లో వచ్చాయి. జూన్‌లో అహ్మదాబాద్ జైడస్ కాడిలా వాళ్ళది, జూలైలో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ముక్కులో కొట్టే మందు, అక్టోబరులో మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళది. ఆగస్టు 10నే మహమ్మారి ముగిసిందని ప్రకటించేశారు. ఇక టీకా ఎవరిక్కావాలి?

కానీ జబ్బుకు ప్రకటనలు తెలియవు కదా. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2009లో దేశంలో స్వైన్ ఫ్లూతో పోయినవాళ్ళు వెయ్యికి కాస్త తక్కువ, 2010లో పదిహేడు వందలకు పైన, 2015లో మూడు వేలకు దగ్గర. అంటే క్యూలు కట్టిన ఏడాది కన్నా ఎవరూ అడగని ఏడాదుల్లోనే ఎక్కువమంది పోయారు. భయం ఉన్నప్పుడు టీకా లేదు, టీకా ఉన్నప్పుడు భయం లేదు. మన ఊళ్ళలో, మన హాస్టళ్ళలో మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది రాసే నాటికి కూడా ప్రభుత్వం ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టగలిగినవాళ్ళ పిల్లలకే అది దొరుకుతుంది.

ఇక అనుమానాల సంగతి. "చదువు లేనివాళ్ళు, పల్లెటూరివాళ్ళు సూదికి భయపడతారు" అని క్లాసులో, బస్సులో, టీవీలో వింటూనే ఉంటాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే కాబట్టి ఈ మాట మాకు కొంచెం గట్టిగానే తగులుతుంది. 2009, 2010లలో టీకా వద్దన్నది ఎవరు? ఫ్రాన్సులో చదువుకున్నవాళ్ళు. ఇక్కడ ఆసుపత్రి కోటు వేసుకున్నవాళ్ళు. వాళ్ళ అనుమానం "జాగ్రత్త", మనవాళ్ళ అనుమానం "అజ్ఞానం" ఎట్లా అవుతుంది?

అనుమానానికి కారణాలు లేకపోలేదు. 1976లో అమెరికాలో ఒక సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనిపిస్తే, మహమ్మారి రాబోతోందని నాలుగు కోట్లమందికి పైగా హడావిడిగా టీకా వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేయించుకున్నవాళ్ళలో సుమారు లక్షకు ఒకరి చొప్పున అదనంగా గిలియన్ బారే అనే నరాల జబ్బు రావడంతో డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. 2009 నాటి టీకాల్లో యూరప్‌లో వాడిన పాండెమ్రిక్స్ వల్ల ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో కొందరు పిల్లలకు, యువకులకు నార్కోలెప్సీ - అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు - వచ్చింది. వేసుకోనివాళ్ళతో పోలిస్తే పది రెట్లకు పైగా అని ఫిన్లాండ్‌లో లెక్క తేల్చారు. అయినా అది అరుదే. ఆ టీకా మన దేశంలో వాడలేదు. మాకు నచ్చింది ఏమిటంటే, అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే ఆ లెక్క తీసి బయటపెట్టారు. బాధితులకు నష్టపరిహారం ఇచ్చారు. టీకాకు చెడ్డపేరు వస్తుందని దాచిపెట్టలేదు.

మన దగ్గర ఏం జరిగింది? ఇక్కడే ఆ రెండో సంగతి చెప్పాలి. 2009 జూలైలో, అంటే నగరాల్లో జనం స్వైన్ ఫ్లూ టీకా కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే, అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు పద్నాలుగు వేలమందికి వేరే టీకా ఒకటి వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అది. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. మరణాల మాట పక్కన పెట్టినా, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో బయటపెట్టిన లెక్క మన హాస్టళ్ళలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు.

వార్డెన్ సార్ మనకు అన్నం పెట్టిస్తారు, ఫీజు కాగితాల మీద సంతకం పెడతారు, జ్వరమొస్తే ఆసుపత్రికి పంపుతారు. ఆ గౌరవం ఎప్పుడూ ఉంటుంది. కానీ మన ఒంట్లోకి పోయే మందుకు అమ్మానాన్నల బదులు ఒప్పుకునే అధికారం ఆయనకు ఎవరిచ్చారు? వేలిముద్రను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకు కూడా ఒక మాట. మా నాన్నలు వేలిముద్ర వేసేవాళ్ళే. ఎరువుల కొట్టులో అప్పు కాగితం మీద వేలు పెట్టే ముందు వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో ముగ్గురి చేత చదివించుకునేవాళ్ళే. చదివి చెప్పేవాళ్ళుంటే వేలిముద్ర కూడా సంతకమే. చదివి చెప్పకుండా తీసుకుంటే ఎమ్మే చదివినవాడి సంతకం కూడా ఉత్త గీతే.

ఖమ్మం పేరు చెప్పి "అందుకే మనం ఏ టీకా వేసుకోకూడదు" అనే మిత్రులు మనలోనూ ఉన్నారు. వాళ్ళతో మేము ఏకీభవించం. హెచ్‌పీవీ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. తప్పు జరిగింది అడిగే పద్ధతిలో. స్వైన్ ఫ్లూ టీకా కూడా కోట్లమందికి వేశారు, చాలామందిని కాపాడింది. నూటికి నూరుపాళ్ళు ఆపదు కానీ ఆపినంత మేర ఆపుతుంది. వద్దని కూర్చుంటే నష్టం ఎవరికి? ఏసీ గదుల్లో ఒక్కొక్కరుగా పడుకునేవాళ్ళకా, అరవైమందిమి ఒకే హాలులో పడుకునే మనకా?

చెబితే జనం వింటారు. దానికి మా అనుభవమే చాలు. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు మేము పదో తరగతి, ఆ చుట్టుపక్కల తరగతుల్లో ఉన్నాం. ముందురోజు ఎవరూ ఏమీ చెప్పలేదు. పొద్దున్నే వరుసలో నిలబడమన్నారు. ఈ సూదితో పిల్లలు పుట్టరట అని అప్పటికే ఫోన్లలో పుకారు తిరుగుతోంది. నలుగురు గోడ దూకి పోయారు. వచ్చిన ఏఎన్ఎం మేడమ్ ఎవరినీ తిట్టలేదు. సూది పక్కన పెట్టి మెట్ల మీద కూర్చుని, రుబెల్లా అంటే ఏమిటో, కడుపులో బిడ్డకు ఏమవుతుందో, సూది వేసిన చోట ఎంతసేపు నొప్పి ఉంటుందో, కొందరికి జ్వరం వస్తే ఏం చేయాలో పావుగంటసేపు చెప్పింది. తన కొడుక్కి కూడా వేయించానంది. గోడ దూకినవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చి వేయించుకుని, బొటనవేలి మీద గుర్తు చూపించుకుంటూ తిరిగారు. పావుగంట! అంతకుమించి పట్టలేదు.

2021 మే నెలలో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు కరోనా టీకా అన్నప్పుడు కూడా ఇదే కథ. స్మార్ట్‌ఫోన్ ఉండాలి, ఓటీపీ రావాలి, ఆ పోర్టల్ మొదట ఇంగ్లీషులో ఉంది. తెలుగు జూన్‌లో గానీ రాలేదు. సిగ్నల్ కోసం మేము చెరువుగట్టు ఎక్కేసరికి స్లాట్లు అయిపోయేవి. ఆ రోజుల్లో మా ఊళ్ళవాళ్ళను టీకా అంటే భయపడేవాళ్ళని రాసినవాళ్ళు, ఆ గట్టు దగ్గరికి వచ్చి చూడాల్సింది.

అందుకే మేము కోరేది ఇది. మన హాస్టళ్ళకు ఏటా ఫ్లూ టీకా ఇవ్వమని ప్రభుత్వాన్ని గట్టిగా అడుగుదాం. 2009 నాటి ఆ వైరస్ వంశమే ఇప్పటికీ తిరుగుతోంది, ప్రతి ఏటి టీకాలోనూ దానికి చోటు ఉంది. అందరికీ ఒకేసారి కుదరదంటే ఆయాసం, గుండె జబ్బు ఉన్న పిల్లలతో, వయసు మీదపడిన మన వంటవాళ్ళతో మొదలుపెట్టమందాం. టీకా ఏదైనా సరే, వారం ముందు తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇంటికి పోవాలి. అందులో మందు పేరు, ఎందుకు వేస్తున్నారు, ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇది మామూలు టీకానా పరిశోధనా - ఇవన్నీ ఉండాలి. చదువు రాని ఇంట్లో ఆ కాగితాన్ని ఫోన్లో చదివి వినిపించే పని పెద్ద తరగతులవాళ్ళం మనం చేయగలం. సంతకమో వేలిముద్రో అమ్మానాన్నలదే ఉండాలి. వద్దన్న ఇంటి పిల్లవాడిని ఎవరూ బెదిరించకూడదు.

ఆ కాగితం కోసం ఎవరో వస్తారని ఎదురుచూడక్కర్లేదు. మన పాత విద్యార్థుల్లో నర్సింగ్ చేసిన అక్కలు, ఫార్మసీ చేసిన అన్నలు ఉన్నారు. వార్షికోత్సవం నాడు సాంస్కృతిక కార్యక్రమాలు మొదలయ్యేలోపు ఒక గంట స్టడీ హాలులో కూర్చోండి. తెల్లకాగితాలు, పెన్నులు మేము తెస్తాం.