ఊరగాయ ఆట, పోపుల డబ్బా

క్రిందటి సంచికలో మాగాయ గురించి రాశాను కదా. అది చదివి సోలాపూర్ నుంచి ఒక సోదరి "ఊరగాయల ముచ్చట్లు ఇంకా ఉంటే రాయండి" అని ఉత్తరం వేశారు. సరే, ఈసారీ ఊరగాయే. కాకపోతే జాడీలో పెట్టేది కాదు, కోర్టులో ఆడేది. కోర్టంటే దావా అనుకునేరు! పికిల్‌బాల్ అని ఒక ఆట వచ్చింది. మా ముంబైలో సొసైటీ సొసైటీకీ పాకింది. అరవై ఒకటో ఏట నన్నూ పట్టుకుంది.

పేరు విని మా అత్తగారు "ఊరగాయతో ఆటలేమిటే, బూజు పట్టగలదు" అన్నారు. ఆ పేరెలా వచ్చిందో పుట్టించిన వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. 1965 వేసవిలో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, పిల్లలు ఏమీ తోచడం లేదని ప్రాణం తోడేస్తుంటే జోయెల్ ప్రిచర్డ్, ఆయన స్నేహితుడు బిల్ బెల్ బ్యాడ్మింటన్ ఆడిద్దామనుకున్నారట. సామాన్లు సరిగ్గా దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ, చిల్లుల ప్లాస్టిక్ బంతీ చేతికందాయి. వాటితోనే మొదలుపెట్టారు. బంతి నేలమీద బాగానే లేస్తోందని అయిదడుగుల వలని మూడడుగులకి దించారు. తర్వాత బార్నీ మెకల్లమ్ అనే ఇంకో మిత్రుడు కలిశాక ముగ్గురూ కూర్చుని నిబంధనలు రాసుకున్నారు. ఈ ప్రిచర్డ్ గారే తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. ఇక పేరు సంగతి: వాళ్లింటి కుక్క పేరు పికిల్స్, అదే పెట్టారని ఒక కథ. కాదు, పడవ పందేల్లో ఏ జట్టుకీ చేరక మిగిలిపోయిన వాళ్లతో నింపే పడవని "పికిల్ బోట్" అంటారు, అలా వచ్చిందని ఆయన భార్య జోన్ చెప్పేవారు. నాకు ఈ రెండోదే నచ్చింది. మా కోర్టులో పొద్దున్నే చేరేవాళ్లని చూస్తే మీరూ ఒప్పుకుంటారు.

ముంబైకి దీన్ని తెచ్చి నాటినవారు సునీల్ వలావల్కర్. 2000 దశకం మధ్యలో నాలుగు బ్యాట్లు తెచ్చుకుని మొదలుపెట్టారు. 2008లో అఖిల భారత సంఘం కూడా ఏర్పడింది. మా సొసైటీకి మాత్రం 2022లో గాని రాలేదు.

రావడం తేలికే. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. దీనిదీ అంతే. వల దించి, అటొక గీతా ఇటొక గీతా గీస్తే చాలు. వల రెండు కొసల్లో 36 అంగుళాలు, నడుమ 34 ఉండాలి. నా కుట్టుమిషను టేపుతో కొలిచి, నైలాన్ తాడుతో కట్టాం. ఆ టేపు తిరిగి ఇంటికి రాలేదు, అది వేరే కథ. గీతల దగ్గర మాత్రం బోల్తాపడ్డాం. బ్యాడ్మింటన్‌లో ముందు గీత వలకి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఈ ఆటలో ఏడడుగులు. మేం ఆ పాత గీతనే పట్టుకుని రెండు నెలలు ఆడేశాం. తర్వాత ఎవరో నిబంధనలు చదివి వచ్చి, అర అడుగు వెనక్కి పసుపుపచ్చ టేపు అంటించారు. పనిలో పనిగా వెలిసిపోయిన వెనక గీత మీద కూడా అదే పసుపు టేపు వేశారు. ఈ పసుపు టేపుని గుర్తుపెట్టుకోండి.

వలకి ఇటూ అటూ ఉన్న ఆ ఏడడుగుల జాగాని ఏమంటారనుకున్నారు? కిచెన్! ముప్పై ఎనిమిదేళ్లు వంటింట్లో నిలబడి, కాస్త బయటపడదామని వెళితే అక్కడా వంటిల్లే. ఒకటే తేడా, ఇక్కడ "లోపలికి రాకు" అంటారు. అంటే అసలు రాకూడదని కాదు. బంతి లోపల ఒకసారి నేల తాకితే వెళ్లి కొట్టుకోవచ్చు. నేల తాకకుండా గాల్లో ఉండగానే కొట్టాలంటే మాత్రం కాలు బయటే ఉండాలి, గీతనైనా తొక్కకూడదు. కొట్టిన ఊపులో తూలి లోపల పడ్డా తప్పే. ఆ ఊపులో మన టోపీ ఎగిరి అందులో పడినా తప్పే. మా అమ్మమ్మ మడి సరిగ్గా ఇలాగే ఉండేది. మనిషి గుమ్మం బయటే ఉన్నా, పరికిణీ అంచు లోపలికి ఎగిరితే మడి పోయిందని మళ్లీ స్నానం చేసేది. ఈ నిబంధన మా కుర్రకారుకి ఎక్కడానికి నెల పట్టింది, నాకు ఒక్క పూట చాలింది.

మావారికి ఇప్పటికీ ఎక్కలేదు. ఆయన వరంగల్ మనిషి, కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడారు. మన పిల్లల్లో చాలామంది ఆ ఆట పేరు కూడా విని ఉండరు. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు, బంతి నేల తాకిందా పాయింటు పోయినట్టే. 1970లో ఆ ఆటకి అర్జున అవార్డు అందుకున్న జె. పిచ్చయ్య గారు వరంగల్ వారే కావడంతో, ఆయన పేరెత్తితే మావారు లేచి నిలబడతారు. మరి అలాంటి మనిషికి, సర్వీసు ఒకసారి నేల తాకేదాకా ఆగాలి, అవతలి వాళ్లు తిప్పి కొట్టింది కూడా నేల తాకేదాకా ఆగాలి అంటే చేతులు కట్టేసినట్టుంటుంది. పైగా ఈ ఆటలో గెలుపు బలంగా కొట్టడంలో లేదు. వల మీదుగా మెల్లిగా, అవతలివాళ్ల వంటింట్లో జారవిడవాలి. "ఇదేం ఆట, పాలు పోసినట్టు!" అని విసుక్కుంటూనే రోజూ నాకంటే ముందు బూట్లు కట్టుకుంటారు.

రోజూ ఏడు నుంచి ఎనిమిదిన్నర. మొదట్లో ఆరింటికే దిగేవాళ్లం. ఈ బంతి చప్పుడు కింది అంతస్తు తాతగారికి నిద్రలో సుత్తితో కొట్టినట్టుందని తెలిశాక ఏడుకి మార్చుకున్నాం. కోర్టొకటి, ఆడేవాళ్లు పద్నాలుగుమంది. అందుకని వచ్చినవాళ్లు వచ్చినట్టు బ్యాట్లు బల్లమీద వరసగా పెడతారు. ముందున్న నాలుగు బ్యాట్ల వాళ్లు తర్వాతి ఆటకి. కిరసనాయిలు క్యూలో డబ్బాలు పెట్టి మనం ఇంటికెళ్లి పోపు వేసుకొచ్చిన రోజులు గుర్తొస్తాయి. ఈ ఆట వచ్చాక మా ఇంట్లో రెండుసార్లు పాలు పొంగాయి, ఒకసారి కుక్కర్ మాడింది. మోకాలికి నూనె రాసుకోవడం ఎక్కువైంది. నా ఈడు వాళ్లకి ఒక్క మాట చెప్పాలి. తలమీదుగా వెళ్లే బంతి కోసం వెనక్కి వెనక్కి అడుగులేయకండి. పక్కకి తిరిగి పరుగెత్తండి, లేదా వదిలేయండి. మా బి-వింగ్ ఆవిడ అలాగే వెనక్కి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఇక అసలు సంగతికొస్తాను. ఇంతసేపూ దాటవేస్తున్నది దాన్నే.

మాలాంటి వాళ్ల ఆటకి అంపైర్ ఉండడు. బంతి మా వైపు పడితే లోపలా బయటా అన్నది మేమే చెప్పాలి, వాళ్ల వైపు పడితే వాళ్లు చెప్పాలి. గీత మీద పడితే లోపలే, ఒక్క సర్వీసు వంటింటి గీత మీద పడితే తప్ప. బంతికీ గీతకీ మధ్య సందు స్పష్టంగా కనబడితేనే "అవుట్" అనాలి. అనుమానం ఉంటే ఆ లాభం అవతలి వాళ్లది. జట్టులో ఇద్దరిదీ చెరో మాటైతే కూడా బంతి లోపలే. తొందరపడి "అవుట్" అన్నా, కాదని తెలిస్తే మాట వెనక్కి తీసుకోవచ్చు. ఎంత చక్కటి నిబంధనలో చూడండి.

2025 జనవరి 26న జెండా వందనం అయ్యాక సొసైటీలో పోటీ పెట్టారు. ఫైనల్లో మేమిద్దరం, మా ఎదుట మూడో అంతస్తు వహినీ, ఆవిడ భర్తా. వహిని అంటే మరాఠీలో వదిన. పంతొమ్మిదేళ్లుగా మా ఇంటి అరిసెలు వాళ్లింటికి, వాళ్ల చక్లీలు మా ఇంటికి వెళుతూనే ఉన్నాయి. మా అత్తగారికి అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే, మావారు ఊళ్లో లేనప్పుడు, ఆటో తెచ్చింది ఆవిడే.

పదకొండు పాయింట్లకి ఆట, రెండు తేడా ఉండాలి. మాకు పది, వాళ్లకి తొమ్మిది. మా రెండో సర్వీసు, అది పోతే సర్వీసు వాళ్లకి వెళుతుంది. మావారు ముందు గీత దగ్గరున్నారు, నేను మోకాలి పుణ్యమా అని వెనకే ఉండిపోయాను. వహిని ఆయన తలమీదుగా బంతిని ఎత్తి వేసింది. నేను పక్కకి పరుగెత్తాను, అందలేదు. పసుపు టేపు, దాదాపు అదే రంగు బంతి. "అవుట్!" అని అరిచాను. సందు చూశానా? చూడలేదు. బంతి పడకముందే నా నోరు తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వహిని వల దగ్గరికొచ్చి బ్యాటుకి బ్యాటు తాకించి నవ్వింది. సెక్రటరీ గారు మాకు స్టీలు పోపుల డబ్బా బహుమతిగా ఇచ్చారు. లోపల ఏడు గిన్నెలు, చిన్న చెంచా, పైన అద్దం మూత.

ఆ రాత్రి అన్నం తింటూ మావారు మెల్లిగా అన్నారు, "అది గీత మీద పడింది."

"మరి అక్కడే చెప్పలేదేం?"

"అందరి ముందూ నువ్వన్నమాట కాదంటే ఏం బావుంటుంది?"

పప్పులో ఉప్పు తక్కువైతే అతిథుల ముందు, పెళ్లిళ్లలో, ఆఖరికి మా వియ్యంకుల ముందు కూడా నన్ను కాదన్న మనిషండీ ఈయన. అవసరమైన ఒక్క రోజూ మర్యాద పాటించారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీదా నా మీదా ఎంతెంతో చెప్పలేను. "పోనీలే, ఊరికే ఆట" అన్నారు. ఊరికే ఆటే. అయినా మర్నాడు పోపు వేయబోయి మూత తీస్తే, ఆవాల గిన్నెలోకి చెంచా పెట్టడానికి చెయ్యి రాలేదు.

వారం రోజులు మోకాలి వంక పెట్టి ఆటకి దిగలేదు. రథసప్తమి ఫిబ్రవరి 4న వచ్చింది. సంక్రాంతి నుంచి ఆ రోజుదాకా ఇక్కడ పసుపు-కుంకుమ పేరంటాలు జరుగుతాయి. వహిని వాళ్లింట్లో ఆఖరి రోజు పెట్టుకుంది. వెళ్లకపోతే ఇంకో తప్పు. వెళ్లాను. ఆవిడ బొట్టు పెట్టి, నువ్వులుండ చేతిలో పెట్టి, అందరికీ చెప్పినట్టే "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంది. నువ్వూ బెల్లం తీసుకుని తియ్యగా మాట్లాడమని. నాకు గొంతు దిగలేదు.

అందరూ వెళ్లేదాకా కూర్చుని చెప్పేశాను. నా మరాఠీ మామూలుగా బానే ఉంటుంది, ఆ రోజు సగం తెలుగే వచ్చింది. ఆవిడ వింటూ పళ్లెంలో కుంకుమ సర్దుతోంది. చివరికి అంది, "మా ఆయన వారం నుంచి అది లోపలే పడిందని పోరుతున్నాడు. నేను, ఆవిడ బయటంది, బయటే, ఇంకోసారి ఆ మాటెత్తకు అని కోప్పడ్డాను."

తిట్టినా బాగుండేది. నేను తలెత్తలేదు. ఆవిడా చాలాసేపు మాట్లాడలేదు. లోపల కుక్కర్ మూడు కూతలు కూసింది. లేచి వెళ్లి స్టవ్ కట్టి వచ్చింది.

"అయితే సర్వీసు మాది," అంది. "తొమ్మిది, పది, ఒకటి. రేపు ఏడింటికి రండి, అక్కడి నుంచి ఆడదాం."

ఈ ఆటలో సర్వీసు చేసేముందు మూడంకెలు చెప్పాలి. తమ పాయింట్లు, అవతలివాళ్లవి, తామిద్దరిలో ఎన్నో సర్వీసు అని. మర్నాడు పొద్దున ఖాళీ కోర్టులో వహిని గట్టిగా "నవూ, దహా, ఏక్" అని కేక పెట్టింది. మావారు నావైపు తిరిగి, "ఈసారి బంతి పడ్డాక చెప్పు" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. రెండుసార్లు సర్వీసు మా చేతికొచ్చింది, నిలబెట్టుకోలేకపోయాం. పది-పది అయింది. ఒక బంతి నా ఎడమ పక్క గీత దగ్గర పడింది, సందు కనబడలేదు, "లోపల" అన్నాను. పన్నెండు-పదితో వాళ్లు గెలిచారు.

పోపుల డబ్బా ఆ సాయంత్రమే మూడో అంతస్తుకి ఎక్కింది. వద్దు వద్దంటూనే తీసుకుంది. గిన్నెలన్నీ కడిగి పంపాననుకున్నాను గాని, మెంతుల గిన్నె ఒకటి మా గట్టుమీదే ఉండిపోయింది. రేపు ఆటకెళ్లేటప్పుడు పట్టుకెళ్లాలి.