అనువాదకుని నిత్యపఠనము

మూలమును అనువాదమును ప్రక్కప్రక్కన నుంచుకొని, ఏ వాక్యము నిలిచినది, ఏ వాక్యము చెడినది అని లెక్కించుట మన విశ్వవిద్యాలయములలో అనువాద పరిశోధనకు పరిపాటి యయినది. ఈ పద్ధతి నిరుపయోగమని నేననను. కాని వాక్యము చెడినదని చూపుట వేఱు, ఏల చెడినదో చెప్పుట వేఱు. అనువాదకుడు అనువదింపని వేళలందు ఏమి చదివెను, ఎట్లు చదివెను అను ప్రశ్నకు సమాధానము దొరకనిదే ఆ కారణము దొరకదు. వంగభాష నుండి తెలుగులోనికి వచ్చిన నవలలను, కథలను పరిశీలించినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును.

సంస్కృతపదముల మూలమున వంగభాష మనకు మిక్కిలి దగ్గఱిదను భ్రాంతి కలుగుచున్నది. వంగమున శిక్ష యనగా చదువు, మనకు దండనము. వ్యవసాయము వారికి వ్యాపారము, మనకు సేద్యము. ఉపన్యాసము వారికి నవల, మనకు ప్రసంగము. రాగము వారికి కోపము. ఇవన్నియు నిఘంటువు తీర్పగల చిక్కులే. అభిమానము అను పదము అట్టిది కాదు. తనవారనుకొన్నవారు తన మనసు కనిపెట్టలేదని కలుగు నొప్పి, ఆ నొప్పిని చెప్పుకొనలేని బింకము, దాని వెనుకనున్న ప్రేమ, ఈ మూడును వంగ పాఠకునకు ఆ ఒక్క మాటలో స్ఫురించును. మనకు అలుగుట కలదు, నొచ్చుకొనుట కలదు, చిన్నబుచ్చుకొనుట కలదు. ఏ సన్నివేశమునకు ఏది పొసగునో ఆ పదమును ఒక్క నవలలో చూచినవాడు తేల్చుకొనలేడు. పలువురు రచయితల కథలలో పలుమాఱులు చూచినవానికే ఆ వివేకము కలుగును.

బంధువాచకముల చిక్కు ఇంతకంటె లోతైనది. మేనమామ కూతురు వంగదేశపు గృహస్థునకు సోదరి. మనకు మరదలు, వరుసైన పిల్ల. ఆమెను మరదలని వ్రాసినచో కథ తలక్రిందులగును. మేనమామ కూతురని వ్రాసినను తెలుగు పాఠకుని మనస్సున పెండ్లి యూహ మెదలక మానదు. సర్వనామము సంగతియు నట్టిదే. వంగభాషలో ‘సే’ అను సర్వనామమునకు స్త్రీపుంభేదము లేదు. మనము అతడనియో ఆమె యనియో వెంటనే తేల్చవలెను. తేల్చినంతనే రచయిత దాచినది బయటపడవచ్చును.

ఇంగ్లీషు ద్వారమున అనువదించిన నేమి యని కొందఱందురు. ఆ ద్వారమున కజిన్ అను నొక్క మాటలో అన్ని వరుసలును కలిసిపోవును. లేని లింగభేదము వచ్చి చేరును. అభిమానము గర్వముగ మాఱును. పిదప తెలుగు అనువాదకుడు ఊహించి వ్రాయును. అది యాతని ప్రతిభాలోపము కాదు. ఆతడు చదివిన గ్రంథము మూలగ్రంథము కాకపోవుటయే లోపము.

మూలభాషను చదువుటకు తీరిక యేదీ యను ప్రశ్న సహజము. అనువాదమే వృత్తిగ జీవించినవారు మన దేశమున అరుదు. చక్రపాణిగారు మదనపల్లె క్షయ చికిత్సాలయమున రోగిగా నున్న దినములలో వంగభాష నేర్చి, శరత్ నవలలను తెలుగువారి యింటి కథలనునట్లు చేసిరి. కలకత్తాలో రాజశేఖర బసుగారు రసాయన సంస్థలో దీర్ఘకాలము పనిచేసినవారు. చలంతిక యను నిఘంటువును కూర్చిన పిదపనే వారు రామాయణ మహాభారతములను సంగ్రహముగ వంగభాషలోనికి తెచ్చి 1946, 1949 సంవత్సరములలో ప్రకటించిరి. బుద్ధదేవ బసుగారు 1956లో జాదవ్‌పూరున తులనాత్మక సాహిత్యశాఖను నెలకొల్పి బోధించుచునే, 1957లో మేఘదూతమునకును 1961లో ఫ్రెంచికవి బోదలేరునకును అనువాదములు వెలువరించిరి. పదములను తూచుటయో, పలు సాహిత్యములను బోధించుటయో వీరికి నిత్యకృత్యము. అనువాదము ఆ కృత్యము నుండియే పుట్టినది.

కలకత్తాలో నుండు తెలుగు అనువాదకునకు ఒక విశేష సౌకర్యము కలదు. 1954 నాటి చట్టము ప్రకారము దేశమున వెలువడు ప్రతి గ్రంథపు ప్రతియు అలీపూరు నందలి జాతీయ గ్రంథాలయమునకు చేరవలెను. మన ప్రచురణకర్తలందఱు ఈ విధిని పాటించినచో వంగ గ్రంథములతోబాటు తెలుగు గ్రంథములును ఒకే కప్పుక్రింద లభించును. కాలేజీ వీథిలో పాత పుస్తకములు, పూజాదినములకు ముందు వెలువడు శారదీయ సంచికలలో క్రొత్త నవలలు దొరకును. ఉదయము వార్తాపత్రిక చదివినవానికి నేటి పలుకుబడి తెలియును. కాని మూలభాషను ఎంత చదువునో అంతకంటె నెక్కువగ తన భాషను చదువుట అనువాదకుని ధర్మము. ప్రవాసముననున్న మా వంటివారి తెలుగు తాము ఇల్లు వదలిన యేటనే నిలిచిపోవు ప్రమాదము కలదు. క్రొత్త తెలుగు కథలు చదువక క్రొత్త వంగకథలను అనువదించినచో, పాత్రలు నేటివారును మాటలు నిన్నటివియు నగును.

ఈ పఠనమునకు మనము సాక్ష్యము దాచుకొనుచున్నామా? సాహిత్య అకాడమి 1989 నుండి అనువాద పురస్కారములను ఇచ్చుచున్నది. అది వెలువడిన గ్రంథమునకు గౌరవము. ఆ గ్రంథము వెనుకనున్న వ్రాతపుస్తకములు, అంచులలో గుర్తులు పెట్టిన నిఘంటువులు, సందేహములు తీర్చుకొనిన లేఖలు అనువాదకుని యనంతరము తూకమునకు పోవుచున్నవి. హరిచరణ బంద్యోపాధ్యాయగారు 1905లో ఆరంభించి దశాబ్దములు శ్రమించిన బంగీయ శబ్దకోశమును సాహిత్య అకాడమి పునర్ముద్రించినది. దాని ప్రతిపై ఒక తెలుగు అనువాదకుడు వ్రాసికొనిన తెలుగు అర్థములు ద్విభాషా నిఘంటు నిర్మాణమునకు ముడిసరకు. దానిని పోగొట్టుకొనుట మనకు తగదు.

కావున మన శాఖలు మూడు పనులు చేయవలెను. అనువాదకుల కుటుంబములను కలిసి వారి వ్రాతప్రతులను, గుర్తులు పెట్టిన గ్రంథములను విశ్వవిద్యాలయ గ్రంథాలయములకు చేర్పవలెను. జీవించియున్న అనువాదకులను వారి చదువును గుఱించి ప్రశ్నించి సమాధానములను భద్రపఱుపవలెను. అనువాదముపై వ్రాయబడు ప్రతి సిద్ధాంతగ్రంథమునను అనువాదకుని పఠనమునకు ఒక ప్రకరణము కేటాయింపవలెను. వీనికి ధనమంతగా అక్కఱలేదు. ఆలస్యము చేయకుండుట మాత్రము అవసరము.